దగ్గరకు వెళ్ళినవాళ్ళు

2020 మార్చి 25న ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ అమల్లోకి వచ్చింది కూడా ఆ రోజే. ఏటా ఉగాదినాడు దేవుని కడపలోని లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు తరలివస్తాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అనీ, ఆ వరసలో స్వామి తమ అల్లుడనీ వారి నమ్మకం. ఆ ఏడు ఆ గుడి తలుపులు భక్తులకు తెరుచుకోలేదు. పల్లెల్లో ఊరి మొగదలకే తుమ్మకంపలు అడ్డం వేశారు. బండరాళ్ళు దొర్లించి, బయటివారు రావద్దని అట్టముక్క మీద రాసి కట్టారు. భయం వేసిన కంచె అది. ఆనాటి భయాన్ని ఇప్పుడు తప్పుపట్టడం న్యాయం కాదు.

అయితే కంప వేసిన ఊళ్ళోనూ షుగరు మాత్రలు అయిపోతాయి. నెలలు నిండిన మనిషికి అర్ధరాత్రి నొప్పులు వస్తాయి. అప్పుడు ఎవరో ఒకరు ఆ కంపను పక్కకు జరిపి బండి తీయాలి. కర్నూలు, అనంతపురం, కడప ఉమ్మడి జిల్లాల్లో 2020, 2021 సంవత్సరాల్లో సామాన్యులు చేసిన సాయం గురించి మాట్లాడాలంటే ఈ కంప దగ్గర మొదలుపెట్టాలి. ఎవరు ఎంత ఇచ్చారన్న లెక్క వేస్తే ఆ సాయం సగమే కనిపిస్తుంది. ఎవరు ఎంత దగ్గరకు వెళ్ళారన్నది చూస్తే మిగతా సగం బయటపడుతుంది. మొదటి విడతలో జనానికి కావలసింది ఎక్కువగా తిండి. అది దూరం నుంచి ఇవ్వవచ్చు. రెండో విడతలో కావలసింది ఊపిరి, ఆ తర్వాత నలుగురు మోసేవాళ్ళు. ఆ సాయం చేయాలంటే మనిషి మనిషిని ముట్టుకోవాలి.

ముందు తిండి సంగతి. లాక్‌డౌన్ మొదలైన వారానికే అన్నం పొట్లాలు ఎక్కడి నుంచి పుట్టుకొచ్చాయన్నది ఆలోచించదగ్గ విషయం. దాతలు డబ్బు ఇచ్చి ఉండవచ్చు గానీ, డబ్బు అన్నంగా మారాలంటే గుండిగలు, గ్యాసు పొయ్యిలు, వందలమందికి ఒకేసారి వండగల చేతులు కావాలి. మార్చి నుంచి మే దాకా పెళ్ళిళ్ళ కాలం. ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ ఆగిపోయి వంటమాస్టర్లు ఖాళీగా కూర్చున్నారు. వాళ్ళ డేగిసాలు గోడ పక్కన బోర్లించి ఉన్నాయి. ఆటోలు ఇళ్ళ ముందు నిలిచిపోయాయి. తాడిపత్రి నుంచి 2020 జనవరిలోనే అరటి గెలలతో ముంబయి రేవుకు ప్రత్యేక రైలు వెళ్ళింది. రెండు నెలలు తిరిగేసరికి అదే అరటిని అడిగేవాడు లేడు. పులివెందుల వైపు తోటల్లో గెలలు చెట్టునే పండిపోయాయి, అనంతపురం జిల్లాలో కర్బూజాలు పొలంలోనే పగిలిపోయాయి. కుళ్ళబెట్టుకోవడానికి మనసొప్పని రైతులు ట్రాక్టరుకెత్తి ఊళ్ళో పంచిపెట్టారు. అంటే ఆగిపోయిన పనులే సాయానికి పనిముట్లను ఇచ్చాయి. సొంత బతుకు నిలిచిపోయినవాడి చేతిలో గరిటె ఉంది, బండి ఉంది, పంట ఉంది, రోజంతా సమయం ఉంది. మంచి మనసు అన్ని కాలాల్లోనూ ఉంటుంది గానీ, ఇన్ని పనిముట్లు ఒకేసారి ఖాళీగా ఉండడం మాత్రం ఆ రెండు నెలలకే ప్రత్యేకం. మరుసటి ఏడు అంత పెద్ద ఎత్తున వంటశాలలు ఎందుకు లేవలేదన్న ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడే ఉంది.

ఆ వంటలో ఉన్న తెలివిని కొంచెం దగ్గర నుంచి చూడాలి. కిలో బియ్యం వండితే రెండున్నర, మూడు కిలోల అన్నం అవుతుంది. పొట్లానికి నాలుగు వందల గ్రాములు పెడితే కిలోకు ఏడు పొట్లాల దాకా వస్తాయి. ఇరవై ఐదు కిలోల బస్తాకు నూట డెబ్భై పొట్లాలు. సీమ ఎండ ఏప్రిల్ మధ్యకే నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో సాంబారన్నం పొట్లం కడితే మధ్యాహ్నానికి పులుస్తుంది. తిన్నవాడికి విరేచనాలు పట్టుకుంటే సాయం కాస్తా అపకారమవుతుంది. అందుకే పొట్లాల్లో ఎక్కువగా కనిపించింది చిత్రాన్నం, పులిహోర. నిమ్మరసం, చింతపండు అన్నాన్ని కాస్త ఎక్కువసేపు నిలబెడతాయి. పెరుగన్నం ఇవ్వాలనుకున్నవాళ్ళు పెరుగు కలపకుండా, కాచి చల్లార్చిన పాలు పోసి ఒక గరిటె పెరుగు తోడుగా వేశారు. తినే వేళకు అది సరిగ్గా తోడుకుంటుంది. అన్నం వేడి మీదే పొట్లం కట్టకూడదు, ఆవిరికి చెమ్మగిల్లి పాడవుతుంది. బట్ట పరిచి ఆరబోసి, ఆ తర్వాతే కట్టాలి. ఏ కరపత్రంలోనూ రాయని ఈ జాగ్రత్తలు పెళ్ళివంటల అనుభవం నుంచి వచ్చినవే.

పొట్లాలు వెళ్ళినచోటు ముఖ్యంగా 44వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాదు నుంచి బెంగళూరుకు వెళ్ళే ఈ దారి కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా సీమను నిలువునా చీల్చుకుంటూ పోతుంది. బెంగళూరులో పని పోయిన ఉత్తరాది కూలీలు ఈ దారినే నడిచారు. భాష రాదు. దారి పక్క పల్లెల వాళ్ళకు హిందీ అంతంతమాత్రం. ‘పానీ’ అన్న ఒక్క మాట ఇద్దరికీ తెలుసు. వంతెన కింద నీడలో నీళ్ళ కుండ, మజ్జిగ బిందె, ఒక గోనెసంచి నిండా పాత చెప్పులు పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉన్నారు. చెప్పుల ఆలోచన ఎవరికి మొదట వచ్చిందో గానీ, నడిచేవాళ్ళ కాళ్ళు చూసినవాడికే అది వచ్చి ఉంటుంది. అన్నం పెట్టాలని అందరికీ తోస్తుంది. అరికాళ్ళు బొబ్బలెక్కాయని తెలియాలంటే మాత్రం నాలుగు అడుగులు దగ్గరకు వెళ్ళాలి.

సీమ నుంచి బయటికి వెళ్ళి చిక్కుకున్నవాళ్ళ కథ వేరు. కర్నూలు పశ్చిమాన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల నుంచి ఏటా వేల కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్తాయి. సుగ్గికి పోవడం అంటారు. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని, తిండిగింజలు మూట కట్టుకుని వెళ్ళి, పొలాల పక్కనే పరదాలు కట్టుకుని ఉంటారు. లాక్‌డౌన్ వాళ్ళను కోతల మధ్యలో పట్టుకుంది. కొందరు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం నడకకు సిద్ధపడ్డారు. నిజానికి సుగ్గి అంటేనే ఒకరికొకరు తోడుగా వెళ్ళే వలస. ఒక వీధివాళ్ళంతా ఒక లారీలో వెళ్తారు, ఒకే చోట దిగుతారు. ఆ కట్టుబాటే దారిలో వాళ్ళను కాపాడింది. ముసలివాళ్ళను వంతులవారీగా నడిపించుకుంటూ, ఉన్న జొన్నపిండిని అందరికీ సమంగా పంచుకుంటూ వచ్చారు. సాయం చేసినవాళ్ళ జాబితాల్లో వీళ్ళ ఊసు ఉండదు. తమలో తాము చేసుకున్నదాన్ని వీళ్ళు సాయం అనుకోరు కాబట్టి.

పొట్లాల సాయానికి ఒక పరిమితి ఉంది. అది రోడ్డు మీద కనిపించేవాళ్ళకే అందుతుంది. హైవే కూడళ్ళలో ఒకే మనిషికి ఒకే పూట మూడు పొట్లాలు అందిన రోజులున్నాయి. అదే పూట పట్టణంలో సందు చివరి ఇంట్లో పొయ్యి వెలగని రోజులూ ఉన్నాయి. ప్రైవేటు బడుల పంతుళ్ళు, ఫొటోగ్రాఫర్లు, టైలర్లు, బట్టల కొట్లలో గుమాస్తాలు వరుసలో చేయి చాపలేరు. రేషన్ బియ్యం అదనంగా వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఏప్రిల్‌లో పేద కుటుంబాలకు వెయ్యి రూపాయలు ఇచ్చింది. కానీ నూనె, పప్పు, పాలు, ఇంటి అద్దె, అమ్మ బీపీ మాత్రలు వేటికవే ఉన్నాయి.

ఇలాంటి ఇళ్ళను నిలబెట్టింది చాలావరకు వీధి చివరి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం. కొట్టుకు కూడా సరుకు నగదుకే వస్తోంది. హోల్‌సేల్ వ్యాపారి అప్పు ఆపేశాడు. అయినా ఖాతా మూయని కొట్లు ఉన్నాయి. ఎర్ర అట్ట పుస్తకంలో పేరు, తేదీ, కందిపప్పు అర, నూనె ఒకటి అని రాసుకుంటూ పోయారు. ఆ బాకీల్లో ఎన్ని తీరాయో, ఎన్ని గీతకొట్టేశారో ఎవరూ లెక్కతీయలేదు. వ్యాపారం చేశాడే తప్ప దానమేం చేశాడని అనేవాళ్ళు ఉండవచ్చు. తిరిగి వస్తుందో రాదో తెలియని అప్పును, అడిగినవాడి తల వంచకుండా ఇచ్చిన మనిషిని దాతల వరుసలో ముందు నిలబెట్టాలి. సంచిలో సరుకులు పెట్టి, ఫొటో తీసి, పేపరుకు పంపిన సాయం కంటే అది ఎక్కువ ఇళ్ళను, ఎక్కువ నెలలు నడిపింది.

మాస్కుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మొదట్లో మందుల షాపుల్లో మాస్కులు దొరకలేదు. రాష్ట్రంలో మనిషికి మూడు చొప్పున పదహారు కోట్ల మాస్కులు కుట్టించాలని ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో తలపెట్టి ఆ పనిని డ్వాక్రా మహిళలకు అప్పగించింది. మాస్కుకు మూడున్నర రూపాయల కూలి. జీన్సు కుట్టుపనికి పేరున్న రాయదుర్గం లాంటి చోట్ల కుట్టుమిషన్లు ఇంటింటా ఉన్నాయి. కూలికి కుట్టినవి కుట్టగా, మిగిలిన పీలికలతో వీధి పిల్లలకు, చెత్తబండి మనుషులకు ఊరికే కుట్టి ఇచ్చిన ఆడవాళ్ళు చాలామంది.

కర్నూలు దగ్గర కాస్త ఆగాలి. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రం మొత్తం మీద కేసులు ఎక్కువగా ఉన్నది ఆ జిల్లాలోనే. పాతబస్తీలో ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి, దూరం పాటించమంటే ఎక్కడికి జరగాలో తెలియని ఇళ్ళవి. ఆ బస్తీ జనమూ, చుట్టుపక్కల పల్లెల జనమూ, తుంగభద్ర అవతలి గద్వాల వైపు జనమూ దశాబ్దాలుగా నమ్ముకున్న వైద్యుడు డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్. రెండు రూపాయల డాక్టరని పేరు. రోగి ఇచ్చినంత పుచ్చుకోవడం, ఇవ్వలేనివారిని అడగకపోవడం ఆయన పద్ధతి. డెబ్భై ఆరేళ్ళ వయసులో, జ్వరంతో వచ్చినవారిని చూస్తూనే ఉండి, 2020 ఏప్రిల్ 14న ఆయన కన్నుమూశారు. కరోనా సోకిందని తేలింది. ఊరు ఊరంతా కదిలి రావలసిన అంతిమయాత్ర నిబంధనల నడుమ కొద్దిమందితో ముగిసింది.

ఆయన పేరు నిలిచింది. నిలవాలి కూడా. సీమ చరిత్రలో పేర్లు నిలిచే తీరు ఒకటి ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన స్మారకంగా కట్టడాలు వెలిశాయి, సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దపు కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి మీద జనం పాటలు కట్టుకున్నారు, విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. 1950ల మొదట్లో కరువొచ్చినప్పుడు సీమలో గంజి కేంద్రాలు నడిచాయి, వాటి ముచ్చట ఇప్పటికీ పెద్దల నోట వినిపిస్తుంది. కానీ మన్రో పోయిన ఆ వానాకాలంలో అదే కలరాతో పడిపోయిన పల్లెజనానికి నోట్లో నీళ్ళు పోసినవాళ్ళెవరు? గంజి కేంద్రంలో పొద్దస్తమానం గంజి కాచినవాళ్ళెవరు? ఒక్క పేరు కూడా మిగల్లేదు. కరోనా కాలం మన కళ్ళముందే జరిగింది కాబట్టి, ఈసారైనా ఆ పని ఎలా జరిగిందో వివరంగా రాసి పెట్టుకోవచ్చు.

2021 ఏప్రిల్ నాటికి పరిస్థితి పూర్తిగా మారిపోయింది. మే 16న రాష్ట్రంలో ఒక్కరోజే ఇరవై నాలుగు వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఈసారి పనులు నడుస్తున్నాయి, ఆకలి కేకలు తక్కువ. ఊపిరి అందడం లేదు. ఆసుపత్రిలో పడక దొరికేదాకా మనిషిని ఇంట్లో నిలబెట్టాలంటే ఆక్సిజన్ సిలిండర్ కావాలి. సిలిండర్ అన్న మాట అంతకుముందు మామూలు ఇళ్ళలో వంటగ్యాసుకే వాడుక.

పెద్ద సిలిండర్‌ను జంబో అంటారు. అందులో సుమారు ఏడు వేల లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. నిమిషానికి పది లీటర్లు పెడితే ఏడు వందల నిమిషాలు, అంటే పన్నెండు గంటలు కూడా రాదు. చిన్న సిలిండర్‌లో పదిహేను వందల లీటర్లు. నిమిషానికి ఐదు లీటర్లు పెట్టినా ఐదు గంటలకు ఖాళీ. సాయంత్రం నాలుగింటికి బిగించిన జంబో తెల్లవారుజామున నాలుగు కాకుండానే అయిపోతుంది. బద్వేలులోనో, కదిరిలోనో, డోన్‌లోనో ఒక ఇంట్లో మనిషి ఆ గొట్టం మీద ఆధారపడి ఉన్నాడంటే, ఇంకో సిలిండర్ అప్పటికే దారిలో ఉండాలి. ఫోన్లో అడిగినవాళ్ళకు సిలిండర్ ఇచ్చిన సాయం చాలాసార్లు ఇలా రాత్రి రెండింటికి మొదలై తెల్లవారాక ముగిసేది. నింపే కేంద్రం దగ్గర వరుస, ఖాళీ సిలిండర్ ఇస్తే తప్ప నిండుది ఇవ్వరు, తిరిగి వచ్చేసరికి అవతల ఇంట్లో ఎదురుచూపులు.

ఇక్కడ పనికొచ్చినవాళ్ళు వెల్డింగ్ షాపులవాళ్ళు. పరిశ్రమలకు ఆక్సిజన్ సరఫరాను ఆ ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. దుకాణాల్లో పని ఆగిపోయింది, సిలిండర్లు మిగిలాయి. సిలిండర్లతో పాటు వాటిని వాడే తీరు కూడా వాళ్ళ చేతుల్లోనే ఉంది. అరవై కిలోలు దాటే బరువును ఎత్తి మోయనక్కర్లేదు, పక్కకు వంచి అడుగు అంచు మీద దొర్లిస్తూ గుమ్మం దాటించవచ్చు. రెగ్యులేటర్ బిగించే ముందు వాల్వును ఒక్క క్షణం తెరిచి మూస్తే లోపలి దుమ్ము బయటికి కొట్టుకుపోతుంది. ఆ చోట నూనె, గ్రీజు చుక్క కూడా తగలకూడదు, తగిలితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళ సీసాలో బుడగలు వస్తుంటేనే గాలి వెళ్తున్నట్టు. రోగి ఉన్న గదిలో దీపం వెలిగించవద్దని ఆ ఇంటి పెద్దావిడకు నచ్చజెప్పాలి. ఆవిడేమో దేవుడి ముందు దీపం కొండెక్కకూడదని మొక్కుకుని ఉంటుంది. పదేళ్ళుగా ఇనుప గేట్లు అతికించిన మనిషి మాస్కు పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని ఇంట్లో మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఇదంతా చేశాడు. రోగిని బోర్లా పడుకోబెడితే ఊపిరితిత్తులకు గాలి బాగా అందుతుందని ఆ ఇళ్ళలో చెప్పింది కూడా ఇలాంటివాళ్ళే. ఛాతీ కింద ఒక దిండు, నడుము కింద ఒకటి పెట్టి, వేలికి ఆక్సీమీటర్ తగిలించి, అంకె 88 నుంచి 92కు ఎక్కేదాకా కదలకుండా చూస్తూ కూర్చునేవాళ్ళు.

ఆ నెలల్లో పడిన పాట్లన్నీ ఫలించాయని చెప్పడం మాత్రం నిజాయితీ కాదు. ప్లాస్మా కోసం వాట్సాప్ గ్రూపుల్లో పగలూ రాత్రీ పిలుపులు వచ్చాయి. కోలుకున్న కుర్రవాళ్ళు జిల్లాలు దాటి వెళ్ళి ఇచ్చి వచ్చారు. ప్లాస్మా వల్ల మరణాలు తగ్గడం లేదని భారత వైద్య పరిశోధన మండలి పరిశీలనలోనే 2020లో తేలింది. చికిత్స మార్గదర్శకాల నుంచి దాన్ని తీసేసింది మాత్రం 2021 మేలో, అప్పటికి రెండో విడత పతాకస్థాయికి చేరింది. రెమ్‌డెసివిర్ సూది కోసం పెళ్ళాం నగలు అమ్మినవాళ్ళున్నారు, ఆ సూదిని వెతికి తేవడానికి మోటారు సైకిళ్ళ మీద హైదరాబాదు, బెంగళూరు పరుగెత్తినవాళ్ళున్నారు. దాన్ని వాడాలని తాము సిఫారసు చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పింది. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో మరణాలు తగ్గిస్తుందని 2020 జూన్‌లో రుజువైన డెక్సామెథసోన్ చాలా చవకైన స్టెరాయిడ్ మాత్ర, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. సరైన మాట సరైన సమయానికి చేరక ఇంతమంది శ్రమ వృథా అయింది. పరుగెత్తినవాళ్ళను ఇందులో నిందించడానికి ఏమీ లేదు. చీటీ మీద డాక్టరు రాసిచ్చినదాన్నే వాళ్ళు వెతికారు. ఇంకో మహమ్మారి వస్తే గనక, ఊళ్ళలో సాయానికి దిగేవాళ్ళకు సరుకుల కంటే ముందు అందవలసింది ఏ మందు పనిచేస్తుంది, ఏది చేయదు అన్న నమ్మకమైన కబురు.

కర్నూలుకు అదనంగా ఇంకో చిక్కు వచ్చింది. పెద్ద జబ్బంటే ఆ జిల్లావాళ్ళు హైదరాబాదు వెళ్తారు. 2021 మేలో తెలంగాణ పోలీసులు తుంగభద్ర దాటాక పుల్లూరు టోల్‌గేటు దగ్గర అంబులెన్సులను ఆపారు. అవతలి ఆసుపత్రిలో పడక ఖరారైనట్టు అనుమతి చూపాలన్నారు. తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసేదాకా ఆ గేటు దగ్గర గడిచిన నిమిషాలు సిలిండర్ ముల్లు మీద లెక్కపెట్టవలసిన నిమిషాలే.

చావు దగ్గరి సాయం అన్నిటికంటే కష్టమైనది. సీమలో కాల్చే కులాలున్నాయి, పూడ్చే కులాలూ ఎక్కువే. ఏ పద్ధతికైనా నలుగురు మోయాలి. ఆ రోజుల్లో కన్నకొడుకు బెంగళూరులో ఉండిపోయాడు, లేదా ఇంట్లో అందరూ జ్వరంతో పడి ఉన్నారు, లేదా భయపడ్డారు. మొదటి ఏడు కొన్ని చోట్ల తమ శ్మశానంలో పూడ్చవద్దని జనం అడ్డుపడ్డారు కూడా. బూడిద వల్ల ఏ ప్రమాదమూ లేదని, సంచి పైభాగం తెరిచి ముఖం చూపించవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ కబురు జనానికి చేరేసరికి చాలా ఆలస్యమైంది. అంత్యక్రియలకు పదిహేను వేల రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ఆ జులైలో ప్రకటించింది. డబ్బు ఉన్నా భుజాలు కావాలి.

ఆ భుజాలు చాలా పట్టణాల్లో ముస్లిం యువకులవి. ఇస్లాంలో చనిపోయినవారిని సాగనంపడం సమాజం మొత్తం మీద ఉన్న బాధ్యత. కొందరు ముందుకొచ్చి చేస్తే అందరి బాకీ తీరుతుంది, ఎవరూ చేయకపోతే అందరికీ పాపం. ఆ అలవాటున్న చేతులు కాబట్టి ముందుగా వాళ్ళే కదిలారు. ఏడాది కిందట ఢిల్లీ మర్కజ్‌లో జరిగిన మత సమావేశానికి వెళ్ళివచ్చినవారి పేరు చెప్పి తమ సమాజం మొత్తాన్నీ వేలెత్తి చూపిన వీధుల్లోకే వచ్చి, అక్కడి హిందువుల శవాలను మోశారు. 2021లో రంజాన్ నెల ఏప్రిల్ 14 నుంచి మే 13 వరకు, సరిగ్గా రెండో విడత ఉధృతిలోనే వచ్చింది. నలభై డిగ్రీల ఎండలో, తల నుంచి కాళ్ళ దాకా ప్లాస్టిక్ సూటు తొడుక్కుని, గుక్కెడు నీళ్ళు తాగకుండా రోజుకు రెండు మూడు శవాలు. సూటు విప్పితే చేతి తొడుగుల్లోంచి చెమట నీళ్ళలా కారేది.

ఆ పనిలో ఒక చిన్న విషయం ఉంది. శవాన్ని దించాక, ఇంటివాళ్ళు ఎవరూ రాలేనప్పుడు, వీడియో కాల్ పెట్టి ఫోను పట్టుకునేది ఎవరో ఒకరు. అవతల కూతురు దూరదేశంలో ఉంటుంది. కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇళ్ళలో అది చాలావరకు కువైట్ అయి ఉంటుంది. ‘నోట్లో తులసి నీళ్ళు పోయండన్నా’ అని ఆమె అడుగుతుంది. దింపుడు కళ్ళం దగ్గర చెవిలో మూడుసార్లు పిలవాలని చెబుతుంది. ఏ వరసతో పిలవాలో అడిగి తెలుసుకుని, ‘నాయనా’ అని మూడుసార్లు పిలిచిన పరాయివాడు ఆ క్షణానికి ఆ ఇంటి కొడుకు. తమ మతం కాని తంతును తప్పు పోకుండా జరిపించాలన్న ఆత్రం వాళ్ళలో కనిపించేది. కట్టెలు పేర్చడం, కొబ్బరికాయ, కుండ, మూడోనాటి పాలు, అన్నీ కాటికాపరిని అడిగి నేర్చుకున్నారు. ఆ కాటికాపరి గురించి కూడా ఒక మాట. ఆయన ఈ పని మహమ్మారికి ముందూ చేశాడు, తర్వాతా చేస్తున్నాడు. రోజుకు ఒకటో రెండో వచ్చేచోట పది వచ్చినా తాళం వేసుకుని వెళ్ళిపోలేదు.

ఆశా కార్యకర్తలను, గ్రామ వలంటీర్లను, పారిశుధ్య కార్మికులను ఈ వరుసలో చేర్చాలా అన్న వాదన ఒకటి ఉంది. జీతానికి చేసిన పని సాయమెలా అవుతుందని. రాష్ట్రంలో అప్పట్లో ఆశా కార్యకర్త గౌరవ వేతనం నెలకు పదివేలు, వలంటీరుకు ఐదు వేలు. యాభై ఇళ్ళకు ఒక వలంటీరు చొప్పున 2019 ఆగస్టులో మొదలైన వ్యవస్థ అది. జ్వరాల సర్వేకు ఇంటింటికీ తిరగడం వాళ్ళ విధి. తలుపు వేసి తిట్టిన ఇంటికి మర్నాడు మళ్ళీ వెళ్ళి, గుమ్మం ముందు మాత్రల పొట్లం పెట్టి, గోడ అవతలి నుంచి ‘పెద్దమ్మా, తిన్నావా’ అని పలకరించడం ఏ ఉత్తర్వులోనూ లేదు. ఐదు వేల రూపాయలకు ప్రభుత్వం కొన్నది వాళ్ళ సమయాన్ని. రోగి ఇంటి గడప దగ్గర నిలబడే ధైర్యాన్ని వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్నారు. పని ముగించుకుని వెళ్ళాక సొంత పిల్లలను దగ్గరకు రానివ్వకుండా, పెరట్లో వేడినీళ్ళు పోసుకుని, వసారాలో విడిగా పడుకున్న రాత్రులకు ఎవరూ వేతనం కట్టలేదు.

ఇక చివరిది కాగితాల సాయం. దీన్ని ఎవరూ సాయంగా గుర్తించలేదు. పద్దెనిమిదేళ్ళు దాటినవారికి టీకా 2021 మే నుంచి కోవిన్ నమోదుతో మొదలైంది. చదువురానివాళ్ళకు, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకు పక్కింటి డిగ్రీ పిల్లలే నమోదు చేసిపెట్టారు. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేరిట పది లక్షలు జమ చేస్తామని రాష్ట్రం ప్రకటించింది. సుప్రీంకోర్టు జోక్యంతో మృతుల కుటుంబాలకు యాభై వేల రూపాయల పరిహారం ఖరారైంది. ప్రతిదానికీ దరఖాస్తు, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, బ్యాంకు పుస్తకం, ఆధార్‌లో ఒక అక్షరం తేడా. మొగుణ్ణి పోగొట్టుకుని ఆరు నెలలైన ఆడమనిషి చంకలో బిడ్డతో ఎన్నిసార్లు కార్యాలయానికి తిరగగలదు? ఆమె వెంట తిరిగినవాళ్ళు మీసేవలో పనిచేసే కుర్రవాళ్ళు, సంఘం లీడర్లు, రిటైరైన గుమాస్తాలు. శవాన్ని మోసిన పని ఒక పూటలో ముగుస్తుంది. ఇది ఏడాది దాకా నడిచింది.

పరిహారానికి కావలసిన రుజువుల్లో ముఖ్యమైనది పరీక్షలో పాజిటివ్ వచ్చినట్టు ఆధారం. పరీక్ష జరిగిన ముప్ఫై రోజుల్లోపు చనిపోతే, ఆసుపత్రి బయట పోయినా సరే, దాన్ని కోవిడ్ మరణంగానే లెక్కించాలని 2021 సెప్టెంబరులో కేంద్రం స్పష్టం చేసింది. ఇంట్లో పోయినవారి విషయంలో ఆ ఆధారం చాలాసార్లు ఒక్క ఎస్ఎంఎస్. శాంపిల్ ఇచ్చిన రోజు చెప్పిన ఫోను నంబరుకు వచ్చిన సందేశం, అందులో నమూనా గుర్తింపు సంఖ్య. ఫోను లేని ముసలివాళ్ళను ఆటోలో పరీక్షకు తీసుకెళ్ళినవాళ్ళు, కౌంటరులో నంబరు అడిగితే తమదే చెప్పారు. అలా ఒకే ఫోనులో ముక్కూ మొహం తెలియని పదిమంది పేర్లతో సందేశాలు చేరాయి. నెలలు గడిచాక, ఆ ముసలాయన మనవడో కోడలో ఎవరినో అడిగి ఇల్లు కనుక్కుని వస్తే, ఆటో డ్రైవరు ఫోను తెరిచి, పాత సందేశాల్లో కిందికి జరుపుకుంటూ వెళ్ళాడు. అది ఇంకా తుడిచేయలేదు.